పసుపు పోసిన ఇంజను

మా తమ్ముడు నీలకంఠానికి అసహ్యం ఎక్కువ. పోయిన కార్తీకంలో, యాభై నిండకుండానే, గుండె ఆగి పోయాడు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఓర్పు అనీ మంచితనం అనీ రాస్తారు. అతనికి ఆ రెండూ అంతంతమాత్రం. ఉన్నది అసహ్యమే. దాన్ని దాచుకోవడం చేతకాక, దానితోనే బతికాడు.

జాలారి ఇంట్లో పుట్టి చేపల వాసన పడని పిల్లాడు. అమ్మ ఎండుచేపలు తిరగేస్తుంటే ముక్కు మూసుకుని వీధి చివరికి పోయి నిలబడేవాడు. "ఈడు నా గుంటడు కాడు. పెద్దాసుపత్రిలో ఎవరో మార్చీసినారు," అనేది మా అమ్మ అప్పాయమ్మ, వచ్చినవాళ్లందరితోనూ. నాన్న ఒకసారి బలవంతంగా వేటకి తీసుకెళ్లాడు. తిరిగొచ్చేదాకా వాంతులే. "సముద్రం పడక కాదప్పా," అని అక్కనైన నాతో అన్నాడు తర్వాత. "ఆ బోటు అడుగున నిలవున్న నీల్లు సూసేవా? అందులో సేప పేగులు, డీజిలు, బీడీముక్కలు. అందరూ అందులోనే కాల్లెట్టి, అక్కడే కూసుని అన్నం తింతన్నారు."

వేటకి పనికిరాడని గాజువాకలో ఒక లారీ షెడ్డులో పెట్టారు. అక్కడ ఇంజన్లు నేర్చుకున్నాడు. డీజిల్ వాసన మాత్రం అతనికి అసహ్యం కాలేదు, ఎందుకో నాకు తెలీదు. కొన్నేళ్లకి హార్బరుకే తిరిగొచ్చాడు. నేను టోకెన్లు రాసే ఐసు ప్లాంటు గోడకి రేకులు వాల్చి షెడ్డు వేసుకున్నాడు. చేపల వాసన మధ్యకే మళ్లీ ఎందుకొచ్చావురా అంటే, లారీవాళ్లు ఇంజను చెడితే దిగి నడుస్తారు, వీళ్లు ఎక్కడికి నడుస్తారు అన్నాడు. ఆ ఒక్క మాటే నాకు తెలిసి అతను ఇతరుల మీద దయతో అన్నది. అదీ మొహం చిట్లించుకునే అన్నాడు.

షెడ్డు మాత్రం వంటిల్లులా ఉండేది. స్పానర్లు తుడిచి వరసగా పేర్చేవాడు. రంపపు పొట్టు, సబ్బుపొడి కలిపి మోచేతుల దాకా రుద్దుకునేవాడు. టీ కొట్టు గ్లాసులో తాగడు, తన గ్లాసు తనకుండాలి. ఇంజను చూడ్డానికి వెళ్లినా ముందు వాసన చూసేవాడు. నీళ్ల ట్యాంకు మూత తీసి వాసన, ఆయిలు పుల్ల లాగి వాసన, పొగ గొట్టం దగ్గర వాసన. ఇంజను మీద మూతలా బిగించే హెడ్డు కింద, సందు మూసే గ్యాస్కెట్టు పోయిందంటే మంట ఉండాల్సిన చోటికి నీళ్లు, నీళ్లు ఉండాల్సిన చోటికి మంట పోతాయి. ఆయిల్లో నీళ్లు కలిసి తెల్లగా జున్నుపాలలా చిక్కబడుతుంది. "ఒకదాని సోటులోకి ఇంకోటి దూరీడమే అసియ్యం అంటే," అనేవాడు. అలాంటి ఆయిలు చూసిన రోజు ఇంట్లో పెరుగన్నం ముట్టేవాడు కాదు.

ఒక సంవత్సరం, ఏటా ఎండాకాలంలో ఉండే వేట నిషేధం అయిపోయే ముందు రోజు. హార్బరంతా జాతరలా ఉంది. బోట్లకి రంగులు వేశారు, ఐసుకి బారులు తీరారు. నా కిటికీ ముందు తోపులాటే తోపులాట. తెల్లారకముందే అన్ని బోట్లూ ఒకేసారి కదులుతాయి. రెండు నెలలు ఒడ్డున కూర్చున్నవాళ్లకి ఆ మొదటి వేట మీదే కళ్లన్నీ. ఆ రోజు ఆగిపోయిన బోటంటే అత్తారింటికి పోయి గుమ్మంలోనే నిలబడిపోయిన అల్లుడిలాంటిది, అందరూ చూసి నవ్వుతారు.

మా మేనత్త కొడుకు పోలిరాజు, గురునాథరావు గారి బోటుకి డ్రైవరు. గురునాథరావుకి ఇంకా బోట్లున్నాయి గానీ, ఇది పెద్దది. ఆ మధ్యాహ్నం ఛానెల్లో ఒక చుట్టు తిప్పి తెచ్చేసరికి ఇంజను కాగిపోయిందని కబురొచ్చింది. నీలకంఠం సంచి తీసుకుని వెళ్లాడు. బోటు సరిగ్గా నా కిటికీ ఎదురుగానే కట్టి ఉంది, ఐసు అప్పటికే నింపుకున్నారు.

పొద్దున్నే గంగమ్మ పూజ అయింది. మావాళ్లు పూజ అంటే బోటుకే కాదు, ఇంజనుకీ చేస్తారు. హెడ్డు మీద పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు కూడా దాని మీదే చల్లుతారు. ఏటా ఇంజను గది వారం రోజుల పాటు పసుపు, డీజిలు కలిసిన వాసన వేస్తుంది. నీలకంఠం ముక్కుకి ఆ రోజు అదే అడ్డం పడింది. మామూలుగా అయితే మూత తియ్యకముందే చెప్పేవాడు.

నీళ్ల ట్యాంకు మూత తీశాడు. నీళ్ల మీద పసుపు తెట్టు.

"ఇదేటి బావా?" అన్నాడు.

"పూజ నీల్లు పడిపోనాయి బావా," అన్నాడు పోలిరాజు. "పైడయ్య సెయ్యి వణుకుద్ది గదా."

పైడయ్య బోటులో అందరికన్నా పెద్ద కలాసీ. పైన కూర్చుని వల సర్దుకుంటున్నవాడు తొంగి చూశాడు. "నా సెయ్యి వణికితే సారా గలాసులో కూడా సగం కిందే పోవాల. ఎప్పుడైనా సూసేవేటిరా?"

అందరూ నవ్వారు. నీలకంఠం నవ్వలేదు. ఆయిలు పుల్ల లాగాడు. ఆయిలు తేనెలా ఉంది, కొత్తది.

"ఆయిలెప్పుడు మార్చినారు?"

"నిన్న."

"గురునాథరావు గారు ఎవులూ సెప్పకుండానే ఆయిలు మార్పించీసినారేటి? ఎండ ఎటు కాసింది?"

పోలిరాజు ఇంజను స్టార్ట్ చేసి చూపించాడు. చక్కగా తిరిగింది. ట్యాంకులో బుడగల్లేవు, పొగ తెల్లబడకుండా నల్లగానే ఉంది. చూశావా అన్నట్టు చెయ్యి ఊపాడు. నీలకంఠం ట్యాంకు అడుగు కుళాయి విప్పి బకెట్టులోకి వదిలాడు. ముందు పచ్చటి నీళ్లు, ఆ తర్వాత ముద్దలు. ఉడికి ఉడికి గడ్డకట్టిన పసుపు, పాడైపోయిన పప్పులా జారుతూ పడింది. చల్లిన పసుపు అంత ఉండదు. మొహం పక్కకి తిప్పుకుని, బకెట్టు ఒడ్డుకి తెచ్చి నా కిటికీ కింద పెట్టి, "ఇది ముట్టుకోకప్పా," అన్నాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కూర మాడినట్టూ, పుండు కడిగినట్టూ.

రేడియేటరు కారితే పసుపు పోసే అలవాటు లారీల వాళ్లకీ ఉంది. పసుపు ఉబ్బి కన్నం మూస్తుంది, కొంత దూరం నడుస్తుంది. కానీ అది ఊరు చేరే దాకా చేసే పని. సముద్రం మీదికి పోయే ముందు చేసే పని కాదు.

"జెట్టీకి తాడు కట్టి గేరెయ్యి," అన్నాడు నీలకంఠం. "బరువు మీద లాగాల. ఉత్తినే తిరిగితే ఏదైనా తిరుగుద్ది."

అప్పటికి గురునాథరావు వచ్చాడు. తెల్లచొక్కా, మెళ్లో పూజ దండ ఇంకా తియ్యలేదు. డీజిలు తగలేస్తావేటిరా అన్నాడు. నీలకంఠం తాడు బిగించి, మంచినీళ్లు పోసి, గేరు వేయించాడు. జెట్టీ స్తంభం కిర్రుమంది. వెనక నీళ్లలో తిరిగే ఫ్యాను కింద హార్బరు నల్లనీళ్లు లేచి ప్లాస్టిక్ కవర్లు, కుళ్లిన చేపతలకాయలు, పూజ పువ్వులు, అన్నీ కలగలిసి పొర్లాయి. కాసేపటికి ట్యాంకులో ఒక బుడగ లేచింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నం ఎసరులా. నీళ్ల గొట్టం వేలితో నొక్కితే రాయి.

"ఆపు. హెడ్డు దించాల."

ఎవరూ కదల్లేదు. పైడయ్య వల కింద పెట్టాడు. "రేపు తెల్లారకట్ల ఎల్లాల గదరా నాయనా."

"ఎల్లి ఎక్కడుండిపోతారు?"

హెడ్డు దించారు. వెదురు వేసి, తాడు కట్టి, నలుగురు మోసుకొచ్చి షెడ్డులో పెట్టారు. గ్యాస్కెట్టు రెండు సిలిండర్ల మధ్య కాలి నల్లగా తెగి ఉంది. అది చూడగానే అందరి మొహాలూ విచ్చుకున్నాయి. గ్యాస్కెట్టు అంటే ఎదర కొట్టులో దొరుకుతుంది. రాత్రి పడకముందే బిగించేయొచ్చు.

"అదేనా?" అన్నాడు గురునాథరావు. "దీనికింత సేసేవా. బేగి ఏసీ."

నీలకంఠం వినలేదు. హెడ్డులో నీళ్లు పోయే కన్నాలోకి స్క్రూడ్రైవరు పెట్టి గీరాడు. పసుపు పెచ్చు ఊడింది. దాని వెనక తెల్లగా ఇంకేదో కట్టి ఉంది. దాన్ని వేలికి తీసుకున్నాడు. ఇతరుల గ్లాసు పెదాలకి తాకించని మనిషి, ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఉండి, బయటికి పోయి ఉమ్మాడు. మళ్లీ ఉమ్మాడు. అప్పుడు పోలిరాజు వైపు చూసి, "రా," అన్నాడు.

ఐసు ప్లాంటు వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ నా గది వెనక కిటికీ ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

"ఉప్పు," అన్నాడు నీలకంఠం.

పోలిరాజు గోడకి ఆనుకున్నాడు.

బోటు ఇంజను లోపల తిరిగేది మంచినీళ్లు. సముద్రపు నీళ్లు ఆ మంచినీళ్లని బయటి నుంచి చల్లబరుస్తాయి తప్ప లోపలికి రావు. రాకూడదు. నిషేధానికి ముందు చివరి వేటలో, ఆ బయటి నీళ్లు పీల్చే గొట్టానికి ప్లాస్టిక్ కవరు అడ్డం పడింది. పోలిరాజు ఫోనులో ఏదో చూస్తూ మీటరు చూడలేదు. ఇంజను ఎర్రగా కాగింది. తాగే నీళ్లు అయిపోవచ్చాయి. బకెట్టు సముద్రంలో ముంచి, ఆ కాగిన ఇంజను లోపలికే పోసేశాడు.

"టప్ మన్నాది బావా," అన్నాడు పోలిరాజు. "నాకు ఇనపడ్డాది."

"ఇనపడ్డాక?"

"సల్లారినాక స్టార్ట్ అయిపోనాది. మెల్లగా వచ్చీసినాం. అందరూ తొంగున్నారు, ఎవరూ సూడ్నేదు."

"మరి పసుపు?"

"కారతన్నాది గదా. ఓనరికి తెలిస్తే బోటు ఇంకోడికి ఇచ్చీడా? ఇంటి పసుపే. పూజయ్యాక పసుపుంటే ఎవులడుగుతారు అనుకున్నాను."

జెట్టీ మీద ఎవరో మైకులో పాటలు పెట్టారు.

"గంగమ్మ పసుపులో కలిపీసేవు," అన్నాడు నీలకంఠం.

"బావా, నోరు మూసుకో. కొత్త గ్యాస్కెట్టు ఎయ్యి. ఒక్క యాట పోయొచ్చీసి, మెల్లగా నానే సేయిత్తాను. ఒట్టు."

"పైడయ్యకి సెప్పేవా?"

"ఆడికెందుకు?"

"ఆడు కూడా ఆ బోటులోనే తొంగుంటాడు గదా, అందుకు."

నేను వెనక కిటికీలోంచి చూశాను. కోపంతో ఉన్న మనిషి మొహం వేరేగా ఉంటుంది. అన్నంలో ఏదో కనిపించినప్పుడు విస్తరి తోసేసే ముందు మనిషి ఎలా చూస్తాడో, నీలకంఠం పోలిరాజుని అలా చూస్తున్నాడు.

షెడ్డుకి తిరిగొచ్చి హెడ్డు మొహం శుభ్రంగా గీకాడు. ఇసకకాయితంతో రుద్ది, దాని మీద కిరసనాయిలు పోసి ఉంచాడు. కాసేపటికి పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచి, సుద్దముక్క అరగదీసి పొడి రాశాడు. అందరూ చుట్టూ మూగి చూస్తున్నారు. హెడ్డు తెల్లగా, ముగ్గు పరిచిన గచ్చులా ఉంది. కాస్సేపటికి ఒక వాల్వు దగ్గర్నుంచి పక్క వాల్వు దాకా ఒక తడి గీత, సుద్దలోంచి నల్లగా పైకొచ్చింది. పగుల్లో దూరిన కిరసనాయిలు బయటికి వస్తోందన్నమాట.

"హెడ్డు పగిలిపోనాది," అన్నాడు. "గ్యాస్కెట్టు ఏసినా మల్లీ కాలిపోద్ది. మద్దిలో ఆగిపోతారు. కొత్త హెడ్డు రావాల."

గురునాథరావు ఒంగి చూశాడు. వేలితో గీత తుడిచాడు. గీత పోయింది. అతను చూస్తుండగానే మళ్లీ వచ్చింది.

"ఇది నువ్వు గీకినప్పుడు పడ్డ గీతే," అన్నాడు, వేలు పంచెకి రాసుకుంటూ. "గ్యాస్కెట్టు ఏసీ."

"ఎయ్యను."

"నువ్వు ఎయ్యకపోతే ఏసేవోడే నేడా ఈ హార్బరులో? అర్జునరావుని పిలవండిరా."

అర్జునరావు అవతలి షెడ్డు మెకానిక్కు. ఏది చెబితే అది బిగించేస్తాడు. ఒక కలాసీ లేచాడు కూడా. నీలకంఠం పైడయ్య వైపు తిరిగాడు. "మావా, సూసేవు గదా నువ్వు. సెప్పు."

పైడయ్య తల గోక్కున్నాడు. గీత చూశాడు, ఓనరుని చూశాడు. "ఓనరు గారు సెప్పినాక మాదేటుంది. గంగమ్మ సూసుకుంటాది. నిరుడు కూడా ఏదో అన్నావు, ఏటైంది?"

మిగిలినవాళ్లు అవునన్నారు. వాళ్ల ప్రాణాల కోసమే మాట్లాడుతున్న మనిషి మీద విసుక్కుంటున్నారు. పోలిరాజు అందరికన్నా వెనక నిలబడి, చెప్పులతో నేల మీద ఏదో రాస్తున్నాడు. ఒక్క మాట చాలు అతను చెప్పడానికి. చెప్పలేదు. ఆ ఒక్కడికి తెలుసు, ఆ గీత ఎలా పడిందో, ఎంత లోతో. తెలిసీ, వాళ్లందరితో పాటు తానూ అందులోనే ఎక్కిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. బోటు పోతుందన్న భయం ముందు చావు కూడా అతనికి పెద్దగా కనపడలేదు. అది ధైర్యం కాదు. నాకు దానికి పేరు తెలీదు.

నీలకంఠం సంచిలోంచి పెద్ద ఉలి, సుత్తి తీశాడు. ఏం చేస్తున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. ఉలి ఆ గీత మీద నిలిపి కొట్టాడు. ఇనుము గంటలా మోగింది. ఎవరో "ఒరే" అన్నారు. మళ్లీ కొట్టాడు. మూడో దెబ్బకి రెండు వాల్వుల మధ్య ముక్క విరిగి గచ్చు మీద పడింది. విరిగిన అంచు మీద తుప్పు ఎర్రగా, లోపలి దాకా. పాత పగులు. ఇప్పుడే విరిగిన ఇనుము అలా ఉండదు, బూడిద రంగులో మెరుస్తుంది. కావాలంటే ఎవరైనా చూడొచ్చు. ఎవరూ చూడలేదు.

ఇంజను మీద సుత్తి వెయ్యడం మెకానిక్కులు చెయ్యరు. బిగుసుకుపోయిన నట్టుని కూడా నూనె పోసి రెండు రోజులు ఆగి విప్పే మనిషి మా తమ్ముడు.

గురునాథరావు దండ లాగి నేల మీద కొట్టాడు. తిట్టిన తిట్లు నేను రాయను. ఆ మాటలూ అతని నోరూ ఒకటే రకం. షెడ్డు పీకించేస్తానన్నాడు. కలాసీలు కూడా తిట్టారు. పైడయ్య మాత్రం తిట్టకుండా, "మా కూడు పాడు సేసినావురా కంఠం," అన్నాడు. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలిందనుకుంటాను. నీలకంఠం ఉలి తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తెల్లారకట్ల టపాకాయలు కాల్చుకుంటూ బోట్లన్నీ ఛానెల్లోంచి వెళ్లిపోయాయి. ఒక్కటి మిగిలింది. దాన్లో నింపిన ఐసు కరిగి, పక్క రంధ్రంలోంచి హార్బరు నీళ్లలోకి కారుతోంది. నేను షెడ్డులోకి టీ పట్టుకెళ్లేసరికి నీలకంఠం పొట్టుతో చేతులు రుద్దుకుంటున్నాడు. పోలిరాజు వచ్చాడు. నన్ను చూసి, "వదినా," అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను.

"ఓనరికి సెప్పీసేవేటి?" అన్నాడు నీలకంఠంతో.

"ఏటి?"

"అదే. సముద్రం నీల్లు."

"నేదు."

"సెప్తావేటి?"

"సెప్పను."

పోలిరాజు ఊపిరి పీల్చుకున్నాడు. "నానంటే నీకు ఎప్పుడూ పేనమే బావా," అన్నాడు.

నీలకంఠం మోచేతుల మీద నీళ్లు పోసుకున్నాడు. "పేనమూ కాదు, ఏటీ కాదు. సెప్పాలంటే ఆ మాట నోట్లో ఎట్టుకోవాల. నాకు వాంతి వత్తాది. ఎల్లు."

చెప్పలేదు కూడా. ఎవరికీ. గురునాథరావు ఎక్కడో పాత బోటుది ఒక హెడ్డు సంపాదించి, అర్జునరావు చేత బిగించుకున్నాడు. కొన్నాళ్లకి బోటు వేటకి పోయింది, నిండుగా తిరిగొచ్చింది. చూశారా, ఏమైంది అన్నారు. కంఠం ఊరికే హెడ్డు పగలగొట్టి సీజను పాడుచేశాడన్నారు. పోలిరాజు అందరి మధ్యా కూర్చుని ఆ మాట అవునన్నాడు. అతని భార్య దేముడమ్మ కుళాయి దగ్గర నా బిందె పక్కకి నెట్టి, మీ తమ్ముడి చేతులు పడిపోవాలంది. తన వంటింటి పసుపు ఎటు పోయిందో ఆమెకి తెలుసో లేదో.

ఓనర్లు షెడ్డుకి రావడం మానేశారు. చిన్న తెప్పల వాళ్ల ఇంజన్లు, ఐసు ప్లాంటు మోటార్లు, ఎవరివో మోటారు సైకిళ్లు చేసుకుంటూ గడిపాడు. మాట తీసుకొస్తే మొహం చిట్లించేవాడు. "నానేదో గొప్ప పని సేసీనట్టు అడుగుతావేటప్పా. కుల్లినదాన్ని బయట పారేసినాను, అంతే."

అతను పోయినప్పుడు గురునాథరావు వచ్చాడు. మా అరుగు మీద కూర్చుని, నీలకంఠం మాట మీద ఆ రోజు తానే బోటు ఆపించానని, అలాంటి పనివాడు మళ్లీ దొరకడని పదిమందికీ చెప్పాడు. పక్కన పోలిరాజు తల ఊపుతూ కళ్లు తుడుచుకున్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. వెనక్కి తీసుకెళ్లిపోయి తొట్టెలో పారబోశాను.

పోలిరాజు ఇప్పటికీ ఆ బోటే నడుపుతున్నాడు. పైడయ్య, మిగిలినవాళ్లు అందులోనే పోతారు, అందులోనే వస్తారు. వెళ్లే ముందు పోలిరాజు ఐసు కోసం నా కిటికీ దగ్గరికి వస్తాడు. టోకెను రాసి, అతని చేతికి ఇవ్వను, చెక్క మీద పెడతాను. తీసుకుని పోతాడు. కొన్నాళ్లకి మళ్లీ వస్తాడు, బతికే.